విండోస్ 10 నుంచి 11కు మారాలా? షాపులో పాత పేజ్‌మేకర్ ఫైళ్లున్నాయి, మూఢం అయ్యేలోపు తేల్చుకోవాలి

గాంధీరోడ్ డీటీపీ:
అందరికీ నమస్కారం. తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో మాకు డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు చేస్తాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్ట్ ఆగిపోయింది. ఆ మెసేజ్ తెర మీద కనబడినప్పుడల్లా టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు మూఢం, కార్డుల పని తక్కువ. మార్చేదేదో ఇప్పుడే మార్చాలి. ముహూర్తాలు మొదలయ్యాయంటే మెషీన్ మీద చెయ్యి వేసే తీరిక ఉండదు.

నా భయమంతా పాత అనుభవం వల్ల. రెండేళ్ల కింద ఒక కంప్యూటర్ స్లో అయిందని సర్వీసుకు ఇచ్చాను. ఇచ్చేటప్పుడే చెప్పాను, డెస్క్‌టాప్ మీద కార్డుల ఫోల్డర్ ఉంది, జాగ్రత్త అని. సరేనన్నారు. తిరిగొచ్చాక చూస్తే సీ డ్రైవ్ మొత్తం ఫార్మాట్ కొట్టేశారు. మర్నాడు ప్రెస్సుకు పోవాల్సిన మూడు శుభలేఖలు అందులోనే ఉన్నాయి. రాత్రి రెండింటిదాకా కూర్చుని ప్రూఫ్ కాగితాలు చూస్తూ మళ్లీ మొదటి నుంచి మ్యాటర్ కొట్టాను. ఒక కార్డులో పెళ్లికూతురి తాతగారి పేరు తప్పు పడింది. ఆ పెద్దాయన షాపుకొచ్చి ఏమీ అనకుండా కార్డు బల్ల మీద పెట్టి చూపించారు. ఆ రోజు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే అడుగుతున్నాను, మారాలా, వద్దా? మారితే కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్, పాత తెలుగు అను ఫాంట్లు, నా ఎల్‌బీపీ 2900 ప్రింటర్ పనిచేస్తాయా?

కొర్లగుంట సర్వీస్:
అక్కా, తొందరపడొద్దు. ముందు ఏయే మెషీన్లున్నాయో చెప్పండి. స్టార్ట్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 అని కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో ప్రాసెసర్, సిస్టమ్ టైప్, బయోస్ మోడ్ (మెషీన్ ఆన్ అయ్యే పద్ధతి) అని మూడు లైన్లుంటాయి. ఒక్కో మెషీన్‌కు ఆ మూడూ ఇక్కడ పెట్టండి. అవి తెలియకుండా ఎవరేం చెప్పినా గాల్లో మాటే.

గ్రీమ్స్‌పేట మాస్టారు:
అమ్మా, నేను చిత్తూరులో రిటైరైన లెక్కల టీచర్‌ను. నా సలహా వద్దనే. చక్కగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి? సపోర్ట్ ఆగిందంటే కంప్యూటర్ ఆగిపోయినట్టు కాదు. నా విండోస్ 10 ఈ రోజు పొద్దున కూడా మామూలుగానే ఆన్ అయింది. గతంలో 7 నుంచి 10కి మారినప్పుడు నేను వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో రాసుకున్న లెక్కల నోట్సంతా రూపం మారిపోయింది. లైన్లు కిందికీ పైకీ జరిగి పేజీ నంబర్లు తప్పాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మీకైతే అది జీవనాధారం. బాగా ఆలోచించుకోండి.

మిట్టూరు ఆడిటర్ ఆఫీస్:
మాస్టారూ, మీరంటే గౌరవమే, కానీ ఈ మాట ఒప్పుకోలేను. 2017 మే 12న వనాక్రై వచ్చింది గుర్తుందా? కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తెరుస్తామంది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది, అందులో మన చిత్తూరు జిల్లా కూడా ఉంది. అది దూరిన రంధ్రానికి ప్యాచ్ (దాన్ని పూడ్చే అప్‌డేట్) మార్చి 14నే వచ్చేసింది. అంటే దాదాపు రెండు నెలల ముందే. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. ఇప్పుడు విండోస్ 10లో కొత్త రంధ్రం బయటపడితే ఆ ప్యాచ్ మనదాకా రాదు. సపోర్ట్ ఆగడమంటే అదే.

మా ఆఫీసులో క్లయింట్ల పాన్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు ఉంటాయి. అవి మావి కావు, నమ్మి మా చేతిలో పెట్టినవి. అందుకే నాలుగు మెషీన్లూ 11కు మార్చేశాం. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీప్రైమ్ బాగా నడుస్తోంది. టోకెన్‌ను కొత్త డ్రైవర్ వేయగానే గుర్తుపట్టింది. ఒక పూట పని ఆగింది, అంతే. మేడమ్, మీ దగ్గర కూడా జనం ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు వదిలి వెళ్తారు కదా.

గాంధీరోడ్ డీటీపీ:
అవును సార్, మెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ పంపిస్తారు. ప్రింట్ తీశాక రోజూ సాయంత్రం డిలీట్ చేస్తాను.

తమ్ముడూ, నువ్వు అడిగినవి ఇవి.

ముందు బల్ల మీదిది: ఐ5-8400, 8 జీబీ ర్యామ్, 64-బిట్, బయోస్ మోడ్ లెగసీ. నెట్, మెయిల్, అప్లికేషన్లు, డబ్బు లావాదేవీలు అన్నీ దీంట్లోనే.

లోపలిది: ఐ3 నాలుగో తరం, 4 జీబీ, విండోస్ 10 ప్రో 32-బిట్. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. 2011 నుంచి చేసిన కార్డులన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి. రెండు మెషీన్లకూ మధ్య కేబుల్ వేసి ఒక ఫోల్డర్ షేర్ చేశాం.

ఇంట్లో అమ్మాయి ల్యాప్‌టాప్: ఐ5 ఏడో తరం, 8 జీబీ, 64-బిట్. పద్మావతి యూనివర్సిటీలో చదువుతోంది.

ఎస్వీయూ హాస్టల్:
అక్కా, విండోస్ 11కు ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే అనుమతి. పైగా టీపీఎం 2.0 (తాళాలు భద్రపరిచే చిప్), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు దొంగ ప్రోగ్రాములను ఆపేది), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఉండాలి. మీ మూడింట్లో ఒక్క ఐ5-8400 మాత్రమే దానికి సరిపోతుంది. మిగతా రెండింటికీ రూఫస్ అనే ఉచిత టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసి ఆ తనిఖీలు దాటవేయొచ్చు. మా హాస్టల్లో మూడు ల్యాప్‌టాప్‌లకు అలాగే వేశాం, నడుస్తున్నాయి.

కొర్లగుంట సర్వీస్:
తమ్ముడూ, చదువుకునే ల్యాప్‌టాప్‌కైతే నీ ఇష్టం. షాపు మెషీన్‌కు మాత్రం ఆ దారి చెప్పొద్దు. అలా ఎక్కించిన మెషీన్లకు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ మాట ఇవ్వలేదు. పైగా 11లో హోమ్, ప్రో ఎడిషన్లకు ఒక్కో వెర్షన్‌కు 24 నెలలే అప్‌డేట్లు. 23హెచ్2 (2023 రెండో సగం వెర్షన్)కు 2025 నవంబర్ 11తోనే అయిపోయింది. తనిఖీ దాటేసిన మెషీన్‌కు తర్వాతి వెర్షన్ దానంతట అది రాదు, మళ్లీ ఎవరో కూర్చుని పెన్‌డ్రైవ్‌తో వేయాలి. వేసేవాడు మర్చిపోతే 10లో ఉన్న కష్టమే 11లోనూ మొదలు. ఇంకా పాత కోర్ 2 డ్యుయో మెషీన్లయితే 24హెచ్2 నుంచి అసలు బూట్ కూడా కావు. నా దగ్గరికి అలాంటివి వచ్చాయి.

ఎస్వీయూ హాస్టల్:
వెర్షన్ల గడువు సంగతి నేను చూసుకోలేదన్నా. మా మూడు ల్యాప్‌టాప్‌లలో రెండు 23హెచ్2లోనే ఉన్నాయి. ఈ రాత్రికే చూస్తాను.

అక్కా, అమ్మాయి ల్యాప్‌టాప్‌కు విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ ఆలోచించండి. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లున్నాయి. ఏడో తరం ఐ5 మీద హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, నచ్చకపోతే తీసేయొచ్చు, హార్డ్‌డిస్క్‌లో ఏదీ చెడదు. బ్రౌజర్, లిబ్రేఆఫీస్, పైథాన్ అన్నీ ఉంటాయి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ దాంట్లోనే వస్తుంది.

పల్ప్ ఫ్యాక్టరీ కాటా:
నాది వేరే కథ, కానీ పేజ్‌మేకర్ మెషీన్‌కు పనికొస్తుందని చెప్తున్నా. చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో లారీ కాటా దగ్గర పనిచేస్తాను. మా కాటా కంప్యూటర్ ఇంకా విండోస్ 7లోనే ఉంది. దానికి 2020 జనవరి 14నే సపోర్ట్ అయిపోయింది. కాటా బాక్సు నుంచి బరువు సీరియల్ పోర్టు ద్వారా వస్తుంది, దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ పాతది, చేసినవాళ్లు ఇప్పుడు లేరు. ఒకసారి కొత్త ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి చూశాం. లారీ కాటా మీదికి ఎక్కింది, తెర మీద బరువు ఒక చోట నిలవలేదు. తోతాపురి సీజన్లో ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉంటాయి, రైతు ఎండలో నిలబడి తెర వైపే చూస్తుంటాడు. అక్కడ ఒక్క అంకె తప్పినా అది ఆయన కష్టం.

అందుకే దాన్ని మార్చలేదు. నెట్ కేబుల్ పీకేశాం. వైఫై లేదు. దానికని ఒక్కటే పెన్‌డ్రైవ్, దాని మీద ఎర్ర టేపు అంటించాం. వేరేది గుచ్చకూడదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రాములు వాటంతటవే నడిచే ఆటోరన్ ఆపేశాం. మొత్తం డిస్క్‌ను అచ్చం అలాగే ఇంకో డిస్క్‌కు కాపీ తీసి బీరువాలో పెట్టాం. ఇది పోతే అది బిగించి పది నిమిషాల్లో కాటా మొదలుపెట్టొచ్చు.

మిట్టూరు ఆడిటర్ ఆఫీస్:
ఎర్ర టేపు పెన్‌డ్రైవ్ పద్ధతి బాగుంది. ఈ పద్ధతి ప్రకారం మేడమ్ షాపులో అసలు ప్రమాదం షేర్డ్ ఫోల్డర్ దగ్గరుంది. వనాక్రై ఎవరూ ఏమీ నొక్కకుండానే ఆ ఫైల్ షేరింగ్ దారిలోనే ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు పాకింది. ముందు బల్ల మీది మెషీన్ ఎంత కొత్తదైనా, కేబుల్ రెండో చివర అప్‌డేట్ లేని మెషీన్ ఉంటే ఆ గోడకు తలుపు తీసి పెట్టినట్టే.

కొర్లగుంట సర్వీస్:
కరెక్ట్ సార్. అక్కా, ఇక ఒక్కొక్కటి చెప్తా.

ఐ5-8400ను తప్పకుండా మార్చండి. మీ 10 ఒరిజినల్ అయితే 11 ఉచితం. ఫార్మాట్ కొట్టాల్సిన పని లేదు, ఫైళ్లు ఉండగానే పైన ఎక్కించొచ్చు. కాకపోతే మీది లెగసీ (పాత పద్ధతి) మోడ్‌లో ఉంది. ముందు డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. దానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అని ఒక టూల్ ఉంది. మొదట వ్యాలిడేట్ (తనిఖీ) ఇచ్చి చూడాలి, అది పాసైతేనే మార్చాలి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి), సెక్యూర్ బూట్, పీటీటీ ఆన్ చేయాలి. టీపీఎం చిప్ విడిగా కొనమని ఎవరైనా అంటే కొనకండి, ఇంటెల్‌లో ఆ పీటీటీయే టీపీఎం పని చేస్తుంది. చాలా బోర్డుల్లో అది ఆఫ్‌లో ఉంటుంది, జనం మెషీన్ పనికిరాదనుకుని అమ్మేస్తారు. ఎల్‌బీపీ 2900 గురించి భయం వద్దు, 64-బిట్ డ్రైవర్‌తో నా కస్టమర్ల దగ్గర 11లో నడుస్తోంది.

పేజ్‌మేకర్ మెషీన్‌ను ముట్టుకోవద్దు. అది 32-బిట్ విండోస్. 11కు 32-బిట్ రకమే లేదు. 32 నుంచి 64కు పైన ఎక్కించడం కుదరదు, ఫార్మాట్ కొట్టాల్సిందే. మీ పేజ్‌మేకర్ 7 వచ్చిందే 2001లో. 64-బిట్‌లో మళ్లీ ఎక్కించినా, అను ఫాంట్లతో తెలుగు కొట్టే పాత కీబోర్డ్ మేనేజర్ ఎక్కుతుందో లేదో మీ దగ్గరున్న కాపీ మీద ఆధారపడుతుంది. కాటా అన్న చేసినట్టే కేబుల్ పీకేయండి, డిస్క్ కాపీ ఒకటి తీయించండి. కార్డు పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ముందు మెషీన్‌కు తెచ్చుకోండి.

ల్యాప్‌టాప్‌కు 2026 అక్టోబర్ 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్‌కు ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే 30 డాలర్లు. ఆ తర్వాత తమ్ముడు చెప్పిన మింట్.

గ్రీమ్స్‌పేట మాస్టారు:
ఈ అదనపు అప్‌డేట్లు నాకూ వస్తాయా? అలాగైతే ఒక ఏడాది నేను ఇలాగే ఉంటాను.

కొర్లగుంట సర్వీస్:
వస్తాయి సార్. 22హెచ్2 వెర్షన్ ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు కనబడుతుంది. ఇది ఇంటి వాడకానికి. డొమైన్‌లో (ఆఫీసు నెట్‌వర్క్‌లో) చేరిన మెషీన్లకు వేరే పథకం, మొదటి ఏడాది ఒక్కో మెషీన్‌కు 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు.

మీ గౌతమి సంగతి కూడా చెప్తాను. 10 నుంచి ఆ ఫాంట్ మామూలుగా రాదు. ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, అది ఇన్‌స్టాల్ చేయండి. మీ నోట్సు మళ్లీ పాత రూపానికి రావాలి.

గ్రీమ్స్‌పేట మాస్టారు:
చేశాను నాయనా. త్రికోణమితి నోట్సు తెరిచాను. పేజీ నంబర్లు సరిగ్గా వచ్చాయి. ఆరేళ్లుగా ఆ ఫైలు తెరవడమే మానేశాను. చాలా సంతోషం.

తిరుచానూరు స్టూడియో:
ఒక హెచ్చరిక. నేను ఫొటో స్టూడియో నడుపుతాను. కొన్నప్పుడు ల్యాప్‌టాప్‌ను అమ్మినవాళ్లే తెరిచి, వాళ్లకు తోచిన మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ అకౌంట్ చేసి ఇచ్చారు. బాగానే నడిచింది. ఒకరోజు బయోస్‌లో ఏదో మార్చాక నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందని అప్పటిదాకా తెలియదు. కీ ఆ మెయిల్ అకౌంట్‌లో ఉంది, దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. రెండు పెళ్లిళ్ల ఫొటోలు అందులో ఉండిపోయాయి. ఒక పెళ్లివి కెమెరా కార్డులో దొరికాయి. రెండోది దొరకలేదు. ఆ ఇంటివాళ్లకు ముఖం చూపించడం ఎంత కష్టమో చెప్పలేను.

అక్కా, బయోస్‌లో చెయ్యి పెట్టేముందు, డిస్క్‌ను అలా ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే ఆ 48 అంకెలూ కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. అకౌంట్ మీ సొంత మెయిల్‌తోనే ఉండాలి.

గాంధీరోడ్ డీటీపీ:
ఇది చదివాక వెంటనే చూశాను. ఆఫ్‌లో ఉంది. అయినా పాస్‌వర్డ్లన్నీ నోట్ పుస్తకంలో రాసి పెట్టాను.

ఒక మాట అడగాలి. లోపలి మెషీన్‌ను ఎన్నాళ్లు అలా ఉంచగలను? బోర్డు పోతే? నిన్న 2011 నాటి ఒక ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ముందు మెషీన్‌లో మ్యాటర్ కాపీ చేసి చూశాను. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, అర్థంలేని గుర్తులు. పద్నాలుగేళ్లు నా చేత్తో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేకపోతే తెలుగే కాదు. ఇన్నాళ్లూ ఇది నాకు తట్టలేదు.

ఎస్వీయూ హాస్టల్:
అవునక్కా, అవి యూనికోడ్ కావు. లోపల ఇంగ్లీషు అక్షరాల నంబర్లే ఉంటాయి, పైన తెలుగు బొమ్మ తొడిగారు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత నంబర్లున్నాయి, ఏ ఫాంటు పెట్టినా తెలుగుగానే ఉంటుంది. విండోస్ 10 ఉన్నా 11 ఉన్నా మింట్ ఉన్నా ఒకటే. కన్వర్టర్లున్నాయి, ప్రయత్నించండి.

గాంధీరోడ్ డీటీపీ:
ప్రయత్నించాను. చాలావరకు వచ్చింది. కానీ ర వత్తు దగ్గర తడబడింది. మా పాత ఫాంట్లో ర వత్తు అక్షరానికి ఎడమవైపు నుంచి చుట్టుకుంటుంది కాబట్టి ముందు అదే కొట్టేవాళ్లం. కన్వర్టర్ దాన్ని పక్క అక్షరానికి తగిలించింది. ‘చంద్రగిరి’లో ర వత్తు ఎగిరి వేరే చోట పడింది. ప్రతి కార్డూ కూర్చుని దిద్దాలి.

కొర్లగుంట సర్వీస్:
అన్నీ మార్చక్కర్లేదు అక్కా. అయిపోయిన కార్డులను ఆ మెషీన్‌లోనే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉండిపోతుంది, ఎక్కడైనా తెరిచి చూడొచ్చు. మళ్లీ మళ్లీ వాడే మ్యాటర్ మాత్రం యూనికోడ్‌లోకి మార్చుకోండి, శుభలేఖ మొదలు, ఆహ్వానం వాక్యాలు లాంటివి. కొత్త ఆర్డర్లు కొత్త మెషీన్‌లో మొదలుపెట్టండి. పేజ్‌మేకర్ లాంటి స్క్రైబస్ ఉచితం, 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడతాయి. ఫాంట్లకు మండలి, రామభద్ర, సురన్న, ఎన్టీఆర్ ఉన్నాయి, అన్నీ ఉచితమే.

ఆదివారం పొద్దున పదికి వస్తాను. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి, 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీ చేసి పెట్టండి. బ్యాకప్ తీసి, మీరు ఆ డిస్క్‌లోంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూసి సరేనన్నాకే మొదలుపెడతాను.

గాంధీరోడ్ డీటీపీ:
ఆదివారం ఏం జరిగిందో రాస్తున్నాను.

బ్యాకప్‌కే రెండున్నర గంటలు పట్టింది. తమ్ముడు చెప్పినట్టే నాలుగు ఫైళ్లు తెరిచాను, తర్వాత మనసాగక ఇంకో పది తెరిచాను. వ్యాలిడేట్ మొదటిసారి ఫెయిలైంది. డిస్క్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లు ఉన్నాయట, మూడుకు మించి ఉండకూడదట. E డ్రైవ్‌లో ఉన్నవి D డ్రైవ్‌లోకి మార్చి, E పార్టిషన్ తీసేశాడు. రెండోసారి పాసైంది. బయోస్‌లో పీటీటీ నిజంగానే ఆఫ్‌లో ఉంది. మధ్యాహ్నం మూడున్నరకు విండోస్ 11 తెరుచుకుంది. నా ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎల్‌బీపీ 2900కు డ్రైవర్ మళ్లీ వేయాల్సి వచ్చింది, తర్వాత టెస్ట్ పేజీ వచ్చింది.

లోపలి మెషీన్‌కు కేబుల్ తీసేశాం. నేనూ ఒక పెన్‌డ్రైవ్‌కు ఎర్ర టేపు వేశాను.

సోమవారం ఒకాయన మార్చిలో గృహప్రవేశానికి కార్డు అడిగారు. స్క్రైబస్‌లో కొట్టాను, పైన శ్రీరస్తుకు రామభద్ర పెట్టాను. శ్రీలో ర వత్తు చక్కగా పడింది. పేజ్‌మేకర్లో అరగంటలో అయ్యే పనికి రెండు గంటలు పట్టింది, మార్జిన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికే సగం సమయం పోయింది. ఆయన ప్రూఫ్ చూసి ఊరి పేరు కొంచెం పెద్దగా పెట్టమన్నారు, అంతే.

పాతవి రోజూ సాయంత్రం ఒక గంట కూర్చుని పీడీఎఫ్ చేస్తున్నాను. 2013 ఫోల్డర్ దాకా వచ్చాను.

కొర్లగుంట సర్వీస్:
సంతోషం అక్కా. ఒకటి గుర్తుపెట్టుకోండి, వెనక్కి 10కి పోయే ఆప్షన్ పది రోజులే ఉంటుంది. స్కానర్ ఆ రోజు పెట్టి చూడలేదు మనం. వచ్చే బుధవారంలోపు చూసి, ఏదైనా తేడా ఉంటే ఫోన్ చేయండి.

గాంధీరోడ్ డీటీపీ:
రేపు షాపు తీయగానే పెట్టి చూస్తాను తమ్ముడూ.